ఆ ఆఖరి ఎనిమిది పంక్తులు

మా చిన్నప్పుడు... సింగపూర్‌లో, ఆంగ్ మో కియో పేటలో మా ఫ్లాట్ల బ్లాక్ కింద రాతి బల్ల దగ్గర, శనివారం మధ్యాహ్నాలు ఇద్దరు ఆడవాళ్లు రష్యన్‌లో పోట్లాడుకునేవాళ్లు. ఒకరు మా అమ్మ. ఇంకొకరు వేరా ఆంటీ... సైన్స్ పార్క్‌లో నాన్నతో పనిచేసే రష్యన్ అంకుల్ భార్య. పెళ్లికి ముందు వాళ్ల ఊళ్లో నాటకాలు వేసేవారట.

నిజం పోట్లాట కాదులెండి. నాటకం చదువుకోవడం.

అమ్మ హైదరాబాదులో రష్యన్ చదివింది. వాళ్లిద్దరూ చదివేది సముద్రం మీదికి వెళ్లిన మొగుడి కోసం ఎదురుచూసే పడుచు కథ... ఒక ఇటాలియన్ పద్యనాటకానికి రష్యన్ అనువాదం. ఇటలీలో చివరికి ఆ పిల్ల ఏమీ మాట్లాడదు, తెర పడిపోతుంది. రష్యాలో జనం దానికి ఒప్పుకోలేదట... ఇంతసేపు మమ్మల్ని ఏడిపించి, ఆ పిల్ల చేత ఒక్క మాటైనా అనిపించరా అని! దాంతో అనువదించినాయన చివర ఎనిమిది పంక్తులు సొంతంగా రాసి పెట్టాడు. ఆ తర్వాత అక్కడివాళ్లు ఆ ఎనిమిది వినడానికే నాటకానికి వెళ్లేవాళ్లట.

అమ్మ పీహెచ్‌డీ ఆ ఎనిమిది పంక్తుల మీదే. సగంలో ఉండగా నాన్నకు సింగపూర్‌లో ఐటీ ఉద్యోగం వచ్చింది. పుస్తకం సూట్‌కేసులో వచ్చింది, పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది.

ఆ ఏడాది మనవాళ్ల ఉగాది కార్యక్రమంలో ఆ నాటకం వేద్దామని ఇద్దరికీ పట్టుదల పుట్టింది. ఆ పడుచు అత్తగారిగా ఆంటీ రష్యన్‌లో, ఆ పడుచుగా అమ్మ తెలుగులో. నాన్న ఆఫీసు నుంచి తెచ్చిన చిత్తు కాగితాల వెనక అమ్మ తెలుగు పద్యాలు రాసుకుంది. పోపు వేస్తూ కూడా గొణుక్కునేది...

అంతలో కంపెనీలు వరసగా మూతపడ్డాయి. రష్యన్ అంకుల్ ఉద్యోగం పోయింది. ఉగాదికి రెండు వారాల ముందే వాళ్లు వెళ్లిపోవాల్సి వచ్చింది.

వెళ్లే ముందు శనివారం, "మన నాటకం మనమే వేసుకుందాం. నువ్వు చూడవే తల్లీ" అంది అమ్మ. పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. ఆంటీ మా తువ్వాలు తలకు చుట్టుకున్నారు. చూసేదాన్ని నేనొక్కదాన్నే... తొమ్మిదేళ్ల పిల్లను. అవతల స్నేహితులు సైకిళ్లతో ఎదురుచూస్తున్నారు.

"అమ్మా, ఇంకా ఎంతసేపు? ఐ గో ప్లే ఫస్ట్ లా!" అన్నాను, అక్కడి పిల్లల ఇంగ్లీషులో.

"అయిపోవచ్చిందే... ఆఖరి ఎనిమిదే. అవి విని పో."

నేను ఆగలేదు. లేచి పరుగెత్తాను. వెనక అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది, మాటలు మాత్రం తెలియలేదు.

తర్వాత రెండు ఫ్లాట్లు మారాం. ఆ కాగితాలు ఎక్కడో పోయాయి. అమ్మ మళ్లీ ఆ పుస్తకం తెరవలేదు. నేనూ అడగలేదు... ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మొన్న నా కూతురు స్కూల్లో నాటకం వేసింది. దానిది ఒక్క నిమిషం వేషం. కళ్లార్పకుండా చూశాను. ఇంటికి రాగానే అమ్మను అడిగాను... ఆ రోజు చివర్లో ఏం చెప్పావమ్మా?

అమ్మ స్టవ్ తగ్గించింది. "తెలుగువి గుర్తులేవే. రష్యన్‌వే ఉన్నాయి."

"పోనీ, మళ్లీ తెలుగులో చెప్పవూ?"

"అర్థం చెబుతా గానీ... ఆ రోజు పద్యం కుదిరిందే. ఇప్పుడు రాదు."

రష్యన్‌లోనే చెప్పమన్నాను. వంటింటి గుమ్మంలో, చేతిలో గరిటెతోనే నిలబడి చెప్పింది. ఎనిమిదీ. ఎక్కడా తడబడలేదు. ఈసారి చివరిదాకా కదలకుండా కూర్చున్నాను... ఒక్క ముక్క అర్థం కాలేదు.

మీ అమ్మ చెబుతుంటే మీరు వినకుండా పరుగెత్తినవి ఏమున్నాయి? తనకు ఇంకా గుర్తుండగానే వెళ్లి అడగండి... విన్నాక నాకూ చెప్పండి.