హచ్చొళ్ళి కంప్యూటర్‌కు పవళింపు సేవ

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మూత విప్పి చూస్తే బాగుపడని యంత్రం ఈ లోకంలో లేదని. అప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. బళ్ళారిలో ఆరు నెలల కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు చేశాను. క్లాసు నిండా మగపిల్లలే, ఆడపిల్లను నేనొక్కదాన్నే. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో మిక్సీ, ఫ్యాను, గోడ గడియారం నన్ను చూసి బిక్కుబిక్కుమంటూ బతికాయి. (గోడ గడియారం ఆ భయానికే ఆగిపోయిందని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. నేను విప్పాక ఆగిపోయిందని చెబితే కూతురి పరువు పోతుందని ఆమె బాధ.)

అలాంటి నాకు బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక కంప్యూటర్ రిపేరీ అంగడి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. అంగట్లో కూర్చోవడం, అవసరమైతే ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం పని. నేను ఎగిరి గంతేశాను. మా నాన్న వెయ్యలేదు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో సూపర్‌వైజర్‌గా పాతికేళ్ళు చేసిన మనిషి, కుట్టు సరిగ్గా లేకపోతే లాగి చూసి పక్కన పడేయడం అలవాటు. నా ఉద్యోగాన్ని కూడా అలాగే లాగి చూశాడు. "ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకోని ఇల్లిల్లూ తిరుగుతాదా? టీచర్ ట్రైనింగుకు పో, సుమ్మనె, ఊరికే ఫ్యాను కింద కూర్చోని పాఠం చెప్పుకోవచ్చు" అన్నాడు. నేను రెండు రోజులు అన్నం మీద అలిగాను. మూడో రోజు ఆయనే ఒక దారి చెప్పాడు. "హచ్చొళ్ళిలో మీ మామ కంప్యూటర్ నడవడం లేదంట. పోయి బాగుచేసి రా. అది నడిస్తే నువ్వు పనికి పో, నేను అడ్డం రాను. నడవకుంటే టీచర్ ట్రైనింగు ఫారం మీద సంతకం పెట్టాల." ఫారం అప్పటికే అల్మారాలో ఉందని నాకు తెలుసు.

మా మామ అంటే అమ్మకు అన్న. సిరుగుప్ప దాటాక హచ్చొళ్ళిలో వరి మళ్ళు, ఇల్లు. ఇంట్లో మామ, అత్త, మా అవ్వ. అవ్వ అంటే అమ్మను కన్నతల్లి, మామ కూడా ఎదురు చెప్పడానికి జంకే మనిషి. వడ్ల ధరలు చూసుకోవడానికని మామ ఆ కంప్యూటర్ కొన్నాడు. నేను బస్సు దిగేసరికి ఆయన గడపలోనే నిలబడి ఉన్నాడు. "రా పాపా, రా. దీన్ని ఏది నొక్కినా మెమరీ చాలదంటాది. వడ్ల ధర పేజీ తెరుచుకునే లోపల ధర మారిపోతాండాది" అన్నాడు. నేను సంచీలోంచి స్క్రూడ్రైవర్లు, దుమ్ము ఊదే బ్లోయర్, అంగడి ఓనర్ నమ్మి ఇచ్చిన ఒక కొత్త మెమరీ ముక్క తీసి డాక్టరులా వరుసగా పేర్చాను. అప్పటికి ఇరుగుపొరుగు నలుగురైదుగురు చేరారు.

అంత మంది చూస్తుంటే మౌస్ పట్టుకుని తెర మీద వెతుకుతూ కూర్చోవడం ఎలా? అది మావాళ్ళ లెక్కలో పని కాదు. పని అంటే మూత విప్పాలి, చేతికి మసి అంటాలి. విప్పాను. లోపల వడ్ల పొట్టు, దుమ్ము, ఎండిపోయిన ఒక బల్లి. బల్లిని పట్టకారుతో పైకెత్తి చూపగానే జనమంతా "అదీ సంగతి!" అన్నారు. కొండను తవ్వి బల్లిని పట్టినందుకు నేనూ గర్వపడ్డాను. దుమ్ము ఊదాను, కొత్త మెమరీ ముక్క బిగించాను. "రోజూ రాత్రి బందు చేస్తున్నారు కదా మామా?" అని అడిగితే, "దినామూ చేస్తాం" అని మామ తెర కింద ఉన్న బొత్తాం చూపించాడు. అది తెరను మాత్రమే ఆర్పే బొత్తాం. పాపం డబ్బా నెలల తరబడి కన్ను మూయకుండా పనిచేస్తూనే ఉంది. అది కూడా నేర్పి, మొత్తం ఆపి మళ్ళీ వేశాను. గుర్రంలా పరిగెత్తింది. వడ్ల ధర టక్కున వచ్చింది. మామ ఉప్పొంగిపోయి ఆ రోజు నాకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు రెండు పూటలా చేయించాడు.

(తెర అంచున కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు ఉన్నాయి. ఆయుధ పూజ నాటివి అనుకున్నాను. ఆయుధ పూజ అయ్యి నాలుగు నెలలైనా పువ్వు ఇంకా వాడలేదేమిటి అని నా సర్టిఫికెట్ బుర్రకు తట్టలేదు.)

మర్నాడు నేను ఎనిమిదింటికి లేచి చూస్తే కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది. లోపల ఫ్యాను రైస్ మిల్లులా రొద చేస్తోంది, మెమరీ చాలదంటోంది. వైరస్ అన్నాను గంభీరంగా. వైరస్ అనేది మా వృత్తిలో చాలా ఉపకారి, కారణం తెలియని ప్రతిచోటా ఆదుకుంటుంది. రోజంతా దాన్ని వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆపి వేస్తే మళ్ళీ గుర్రం. మూడో పొద్దున మళ్ళీ రైస్ మిల్లు. మామ మొహంలో మర్యాద తగ్గలేదు గానీ బజ్జీలు తగ్గాయి. "ఏం పాపా, సిరుగుప్ప నుంచి ఎవరినన్నా పిలిపిద్దామా?" అని మెల్లగా అడిగాడు. సిరుగుప్ప నుంచి మనిషి వస్తే బళ్ళారిలో ఫారం మీద సంతకం పడ్డట్టే.

రాత్రి బాగుండేది పొద్దునకు ఎందుకు చెడుతోందో చూద్దామని నాలుగో రోజు తెల్లవారుజామునే లేచాను. అవ్వ అప్పటికే తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కొత్త బంతిపువ్వు పెట్టింది, బొట్టు పెట్టింది, మౌస్ మీద చెయ్యి వేసి ఒక బొమ్మ నొక్కింది. గుళ్ళో అభిషేకం ప్రత్యక్ష ప్రసారం తెర మీదకు వచ్చింది. అవ్వ కర్పూరం వెలిగించి తెరకు హారతి ఇచ్చి, చెంపలు వేసుకుని, తెర మీది కిటికీ మూలనున్న చిన్న గీతను నొక్కింది. దేవుడు కిందికి వెళ్ళిపోయాడు. "ఏం చేశావవ్వా?" అన్నాను. "దర్శనం చేసుకున్నా. మీ అత్త నేర్పించింది. ఈ గీత నొక్కితే స్వామి కిందికి పోయి కూచుంటాడు. పక్కనుండే ఇంటూ గుర్తు మాత్రం నేను ముట్టను" అంది.

నేను మౌస్ అందుకుని ఆ కింది బొమ్మ మీద పెట్టాను. ఒకరి వెనక ఒకరు బయటపడ్డారు. సోమవారం శివుడు, గురువారం మఠంలో రాయరు, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకటరమణుడు, మళ్ళీ సోమవారం శివుడు. లెక్కపెడితే ముప్పై ఏడుమంది. అందరూ ప్రత్యక్ష ప్రసారాలే, అందరూ గొంతు తగ్గించుకుని వెనకాల కదులుతూనే ఉన్నారు. ఆపి వేసినా లాభం లేకపోవడానికి కారణం కూడా దొరికింది. అవ్వ నొక్కే బొమ్మను (మామ వడ్ల ధర చూసే బొమ్మ వేరు) పోయినసారి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే తెరవమని ఎవరో ఏర్పాటు చేసిపెట్టారు. నేను రోజూ కంప్యూటర్‌ను శుభ్రంగా ఖాళీ చేస్తుంటే, రోజూ తెల్లవారేసరికి అవ్వ ఒక్క నొక్కుతో దేవతలందరినీ సపరివారంగా తిరిగి పిలుచుకుంటోంది.

అవ్వ మడి విప్పి భోజనానికి వెళ్ళాక, మిట్టమధ్యాహ్నం, మామను అత్తను పిలిచి నా ప్రతాపం చూపించాను. "చూడండి" అని ముప్పై ఏడు కిటికీలనూ టకటకా మూసేశాను. ఫ్యాను రొద ఆగింది. మామ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకు అవ్వ విస్తరి ముందు నుంచి లేచి వచ్చింది. తెర అడుగున చూసింది. బొమ్మ వెనక ఎవరూ లేరు.

"యాడికి పంపినావే వాళ్ళను?"

"మూసేశానవ్వా. వాళ్ళ వల్లే ఇది..."

"మూసేసినావా? దీపం ఆరిందని కూడా అనకూడదు, కొండెక్కిందనాల అని చెప్పి పెంచితే, దేవుళ్ళను మూసేసినావా?" అవ్వ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా వెళ్ళి చెయ్యి కడుక్కుంది. "దేవుళ్ళు లేసిపోయిన ఇంట్లో నాకు ముద్ద దిగదు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం వరకు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అత్త బతిమాలింది, మామ బతిమాలాడు. చివరికి మామ బళ్ళారికి ఫోన్ చేశాడు. "బావా, కంప్యూటర్ బాగానే ఉండాది గానీ, మీ పాప మా అమ్మను పస్తు పండబెట్టింది" అన్నాడు. అవతల నాన్న ఏమన్నాడో నాకు వినబడింది. "రేపు మొదటి బస్సుకు ఎక్కించు. ఆ పని దీనికి వద్దనే నేను చెప్పినా."

నేను వెళ్ళి అవ్వ పడుకున్న చాప చివర కూర్చున్నాను. ఉద్యోగం పోయింది సరే, డెబ్బై ఐదేళ్ళ మనిషి నా వల్ల ఆకలితో ఉందని ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ చేతకాని వాదన ఒకటి చేశాను. "గుళ్ళో కూడా రాత్రికి తలుపులు వేస్తారు కదవ్వా."

అవ్వ ఇటు తిరిగింది. "ఏస్తారు. ఊరికే ఏస్తారా? పాలు ఆరగింపు పెట్టి, లాలి పాడి, స్వామిని పండబెట్టి అప్పుడు ఏస్తారు. నువ్వు నడి మధ్యాన్నం, అన్ని మందినీ, బస్టాండులో జనాన్ని తోలినట్ల తోలేసినావు."

నా ఏడుపు టక్కున ఆగింది. "అయితే పాలు పెట్టి, లాలి పాడితే ఆ ఇంటూ నొక్కొచ్చా?"

అవ్వ లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "పండబెడితే తప్పేముండాది? నిద్ర వాళ్ళకూ కావాల కదా" అంది.

వాళ్ళను తరిమేయడానికి నాలుగు రోజులు చెమటోడ్చిన నేను, ఇప్పుడు మూసేసిన కిటికీలను కంప్యూటర్ రాసిపెట్టుకునే పాత చరిత్రలోంచి ఒక్కొక్కటిగా వెతికి వెనక్కి పిలవడం మొదలుపెట్టాను. ముప్పై ఏడుమందీ వచ్చి కూర్చునేసరికి కంప్యూటర్ మూలిగింది. దీపాలు పెట్టే వేళకు అవ్వ స్నానం చేసి, బెల్లం వేసిన పాలు చెంబులో పట్టుకుని వచ్చింది. ఒక్కో స్వామిని పైకి తేవడం నా వంతు. పాలు చూపించి, తనకొచ్చిన లాలి రెండు చరణాలు పాడి, ఇంటూ గుర్తు నొక్కడం అవ్వ వంతు. మొదటిసారి ఆ గుర్తు మీద బాణం పెట్టే ముందు అవ్వ తెరకు మూడుసార్లు దండం పెట్టుకుంది. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదో స్వామికి స్టూలు లాక్కున్నాడు. ఇరవయ్యో స్వామికి లాలి ఆయన మీద పనిచేసింది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "అమ్మా, ఆడ గుళ్ళో ఇంకా జనం క్యూలో ఉండారు, నువ్వు అప్పుడే పండబెడతాండావే" అన్నాడు. "ఆడ ఆళ్ళ టైము, మనింట్లో మన టైము. సుమ్మనుండు" అంది అవ్వ.

పాతిక దాటాక ఫ్యాను రొద తగ్గసాగింది. ముప్పై ఏడో స్వామి పడుకోగానే పూర్తిగా ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. అవ్వ మొహం విప్పారింది. "చూసినావా? నెలల నుంచి నిద్ర లేక ఎంత అల్లాడినారో పాపం" అని డబ్బాను ప్రేమగా తట్టింది. నేను ఆ లెక్క సరిచేయలేదు. (నా సర్టిఫికెట్‌లో ఉన్న కారణం కంటే అది పెద్ద తప్పేమీ కాదు.) ఆ పాలే తాగి, తర్వాత అవ్వ సంగటి తింది. నేనూ తిన్నాను. అంత రుచిగా సంగటి మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

మర్నాడు పొద్దున అవ్వ ఒక్క స్వామినే మేల్కొలిపింది. ఆ వెనకే మామ వడ్ల ధర చూశాడు, కన్నార్పే లోపల వచ్చింది. నేను మొదటి బస్సుకు సంచీ సర్దుకుంటుంటే అవ్వ మామ చేతిలోంచి ఫోన్ లాక్కుని బళ్ళారికి చేయించింది. "అల్లుడా, నీ కూతురికి పనొచ్చప్పా. మేము దేవుళ్ళను లేపడమే నేర్చుకున్నాం, పండబెట్టేది ఇది నేర్పింది. దీన్ని పనికి పంపకుంటే నేను ఒప్పుకోను" అంది. అత్తగారి మాటకు ఎదురు చెప్పడం నాన్నకు చేతకాదు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు. అవతల నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఆ అంగడి ఎన్ని గంటలకు తీస్తారంట?"

"తొమ్మిదిన్నరకు నాన్నా."

"నువ్వు తొమ్మిదికే పో. మొదటి దినమే లేటుగా పోతే బాగుండదు."

ఆ బస్సులో కిటికీ పక్కన ఒళ్ళో స్క్రూడ్రైవర్ల సంచీ పెట్టుకుని కూర్చున్న ఇరవై ఒకటో ఏటి పిల్ల ఇప్పటికీ నాకు కనిపిస్తూ ఉంటుంది. దారి పొడుగునా పచ్చని మళ్ళు చూస్తూ, కండక్టర్ టికెట్ అడిగినా వినిపించుకోకుండా తనలో తను నవ్వుకుంటోంది. హచ్చొళ్ళిలో కంప్యూటర్ బాగుచేసింది తనే అనుకుంటోంది. నిజానికి దాన్ని బాగుచేసింది ఒక చెంబుడు పాలతో మా అవ్వ, ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించింది కూడా అవ్వే. ఇన్నేళ్ళలో ఎన్ని కంప్యూటర్లు విప్పి బిగించినా, పక్కన కూర్చుని ఆ సంగతి దానికి చెప్పడానికి మాత్రం నాకు మనసు రాదు. అంత సంతోషంగా ఉంది మరి.