పింకమ్ తాత వాన

మా మార్బుల్‌హెడ్ రేవులో పింకమ్ తాతకి ఒక్కటే జబ్బు: ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే అంత గట్టిగా "వానో!" అని అరవడం.

నవ్వులాట కాదండీ. మాది కాడ్ చేప మీద బతికే రేవు. ఉప్పు పట్టించిన చేప తడికల మీద ఎండుతుండగా చినుకు పడిందా, కష్టమంతా మట్టిపాలు. అందుకే ఇక్కడో కట్టుబాటు. వాన కేక ఎక్కడ లేస్తే అక్కడికి అందరూ పరుగెత్తాలి, చేపలు కుప్పేసి పాత తెరచాప కప్పాలి. అది సాయం కిందికి రాదు. ఎవరూ ఎవరికీ రుణపడరు.

ఈ కట్టుబాటుతో తాత మా ప్రాణాలు తోడేశాడు. ఓ గురువారం చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి, ఎవరిదో ఇంటి పేరు చెప్పి అరిచాడు. పాదిరిగారితో సహా పరుగెత్తాం. బయట ఎండకి కాకులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఏది తాతా వాన?"

"బయల్దేరింది. దార్లో ఉంది."

"ఏ దార్లో?"

"నన్నడుగుతావేం? వచ్చాక దాన్నే అడుగు!"

"ఈ ముసలాణ్ణి జలప్రళయం నాడు నోవహు ఓడెక్కించి ఉంటే, వాన వెలిసినా ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు," అనేవాడు పీపాలు చేసే మా ఆయన.

ఆ ఏడు మా పొరుగున మెహిటబెల్ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మొగుడు సముద్రంలో పోయాక ఒంటరిగా చేపలు ఎండబెట్టుకుని పిల్లల్ని సాకుతున్న మనిషి. మర్నాడే సరుకు రకాలు తేల్చే అధికారి వస్తాడు. మంచి రకమని తేలిస్తే చేప స్పెయిన్ ఓడెక్కుతుంది, ఆమె ఇంటికి చలికాలానికి సరిపడా మొక్కజొన్న వస్తుంది. రాత్రి మంచుకి తడిసి చెత్త రకమైతే చక్కెర దీవులకి, చెరకు తోటల బానిసల తిండి కింద, తవుడు ధరకి పోతుంది. ఇక పిల్లలకి పస్తులే.

పొద్దు వాలుతోంది. తడికల నిండా చేపలు, ఆమెకి పనిచేసేది ఒక్క చెయ్యి.

"నేనూ ఓ చెయ్యి వేస్తానే," అన్నాను.

"వద్దక్కా. ఇవాళ సాయం తీసుకుంటే రేపు జాలి కూడా తీసుకోవాలి. నీ పని నువ్వు చూసుకో."

ఎంత పొగరు! ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. తిరిగి వస్తుంటే గోడ పక్కన తాత. అంతా విన్నాడు. పైకి చూశాడు. మబ్బు తునక లేదు. తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"వానో! మెహిటబెల్ తడికల మీద వానో!"

"ఒక్క ఇంటి మీదే వానేంటి తాతా?"

"నోర్మూసుకుని పరుగెత్తవే!"

రేవంతా తిట్టుకుంటూ వచ్చింది. మా ఆయన సుత్తితో సహా వచ్చాడు. మంచు దిగేలోపల చేపలన్నీ తెరచాప కింద చేరాయి. ఇన్నేళ్లూ ఈ ముసలాడి వానలు ఎవరెవరి ఇళ్ల మీద పడ్డాయో నాకప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అన్నీ ఆపదలో ఉన్నవాళ్ల ఇళ్లే. మర్నాడు మెహిటబెల్ చేప మంచి రకంలోనే పడింది గానీ, చెప్పాల్సింది ఆ సాయంత్రం మాటే.

ఆమె ఆకాశం చూసింది. మమ్మల్ని చూసింది. తాతని చాలాసేపు చూసింది.

"ఏది తాతా వాన?"

"పడి వెలిసిందమ్మా. నువ్వు చూళ్లేదు."

గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. తగువు తప్పదనుకున్నాం. చేపల చారు కుండ ఒంటిచేత్తో మోసుకొచ్చి మా ముందు పెట్టింది.

"పాపం, అందరూ తడిసి ముద్దయ్యారు. వేడిగా తాగి పొండి."

మా ఆయన పొడిపొడిగా ఉన్న చొక్కా అంచు పిండుకుని, గిన్నె పట్టాడు.