కారితాస్ ఇంటి పుస్తకం

బుజుంబురా నగరంలో మా వీధిలో ఏ ఇంట్లో ఎవరు పడుకున్నా ఆ ఇంటి పుస్తకంలో పేరుండాలి. లేదంటే సోదాకు వచ్చే పోలీసులు ఊరుకోరు. చదువు రానివాళ్ళ పుస్తకాలు రాసేది నేనే. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేశాను. ముత్యాల్లాంటి దస్తూరి అని నలుగురూ అంటే పొంగిపోయేవాణ్ణి. ఏడ్చినట్టే ఉంది నా దస్తూరి.

పక్కింటి కారితాస్‌కు అక్షరం ముక్క రాదు. మొగుడు పోయాక సరస్సు ఒడ్డున ఎండు చేపలమ్మి ఒక్కగానొక్క కొడుకు ఎవారిస్ట్‌ను కాలేజీ దాకా చదివించింది. బేరంలో గయ్యాళి, పెట్టే చేతిలో తల్లి. అరటిపండ్ల బీరు కుండ తెరిస్తే పీల్చుకోవడానికి వేసే రెండో గొట్టం నాకే. ఒకే కుండలో గొట్టాలు వేసి తాగినవాళ్ళు ఒకరికొకరు ద్రోహం తలపెట్టరని మా నమ్మకం.

సర్కారుకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో నడిచాడని ఎవారిస్ట్ కోసం పోలీసులు వెతుకుతుండేవాళ్ళు. ఆరు నెలలు తలదాచుకున్నవాడు, తల్లికి జ్వరమని తెలిసి ఒక సాయంత్రం వచ్చాడు.

"మాస్టారూ, వీడి పేరు మాత్రం రాయకండి," అంది కారితాస్.

సరేనన్నాను. పుస్తకం మా ఇంటికి తెచ్చుకుని, వాడి పేరు రాసి, ఆ రాత్రే తిరిగి ఇచ్చేశాను. రాయలేదని తెలిస్తే నా మెడకు చుట్టుకుంటుందని భయం. ఇంకే కారణమూ లేదు.

తెల్లవారి వచ్చినవాళ్ళు పుస్తకంలో పేరు చూసి, నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి వాణ్ణి తీసుకుపోయారు. పుస్తకం గడపలో పడేశారు.

ఏ పాపిష్టి నోరు చెప్పిందోనని కారితాస్ శాపనార్థాలు పెడుతుంటే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. అర్జీలు కూడా నాచేతే రాయించింది. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే జవాబు: అలాంటి మనిషిని మేము పట్టుకోలేదు, అసలు ఆ రోజు ఇంట్లో ఉన్నాడని రుజువేది? ఏడాది ఇలాగే గడిచింది.

నిన్న కుండ మోసుకుని మా ఇంటికొచ్చింది. నా గొట్టం తనే వేసింది. వాడు ఇంటికొచ్చాడని చూపించడానికి కాగితం ముక్కయినా లేకపోయిందే అని కళ్ళొత్తుకుంది. నేను తాగకుండానే లేచాను. ఆమె ఇంటికెళ్ళి పాత పుస్తకం తెచ్చి, ఆమె వేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టాను.

"ఇది వాడి పేరు. ఆ రోజు రాశాను, కారితాస్."

చాలాసేపు వేలు తీయలేదు. తిట్టినా బాగుండేది. కుండలోంచి నా గొట్టం తీసి నేల మీద పెట్టింది.

"దీన్ని అర్జీకి జతచేయండి," అంది. "రాసింది మీరేనని కింద మీ పేరు కూడా పెట్టండి."

పెట్టాను. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.