నా ఒక్కపొద్దు మోసిన సుబేదారు

దగ్గరికి జరగండి తల్లీ. ఆ వాకిట్లో కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి రండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. నేను ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోయి అదే రోజు తిరిగొచ్చిన కథ ఇది. కాశీకి పోయినవాళ్ళు కూడా ఇంత చూసి ఉండరు. రేపు మీలో ఎవరికైనా అదే దారిన పోవలసిన అవసరం రావచ్చు, అందుకని బస్సుల వేళలతో సహా చెబుతాను.

శనివారం తెల్లవారి ఐదున్నరకు ఫోను మోగింది. అవతల సుబేదారు దేవదానం అన్న. ఆయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇరవై ఎనిమిదేళ్ళు మిలిటరీలో పనిచేసి, సుబేదారుగా దిగి ఇంటికొచ్చిన మనిషి. రెండేళ్ళ కింద మా నేతగాళ్ళ వీధికి వచ్చి, అందరి వేళ్ళు పొడిపించి, ఎవరి రక్తం ఏ గ్రూపో చూపించాడు. రేకు బిళ్ళల మీద మేకుతో ఆ గ్రూపు చెక్కి తలా ఒకటి ఇచ్చాడు. సైనికుల మెడలో అలాంటి బిళ్ళే ఉంటుందట. వీధి మొత్తం మీద ఓ నెగటివ్ నాకొక్కదానికే వచ్చింది. నేను ఆ బిళ్ళను బీరువా తాళాలకు తగిలించి మరచిపోయాను. ఆయన మరవలేదు.

"ఓబులమ్మా, లేసినావా? పులివెందుల ఆస్పత్రిలో ఒక ఆడబిడ్డ కాన్పుకుంది. తుమ్మలపల్లె పిల్ల. కడుపులో మాయ కిందికి దిగి నెత్తురు పోతాంది. ఒంటిగంటకు ఆపరేషను. ఒక బ్యాగు నెత్తురు దొరికింది. రెండోది లేకుండా కత్తి పట్టనంటాంది డాక్టరమ్మ. నీ గ్రూపే. రాగలవా?"

"నాకు సూదంటే శానా భయమన్నా."

"నాకూ భయమే. రా."

ఫోను పెట్టేసి తల స్నానం చేసి దేవుడి గూటి ముందు నిలబడ్డాను. ఆ తల్లీ బిడ్డా వేరుపడి, ఇద్దరూ క్షేమమనే మాట నా చెవిన పడేదాకా మెతుకు ముట్టను, నీళ్ళు ముట్టను అని మొక్కుకున్నాను. పెద్ద పనికి గడప దాటేటప్పుడు ఒక్కపొద్దుండటం మా అమ్మమ్మ నాటి అలవాటు. ఎవరో ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం పోతున్నాను గనుక మామూలు ఒక్కపొద్దు చాలదనిపించి, నీళ్ళు కూడా కలిపి మొక్కాను.

మా ఇంటాయన మగ్గం గుంటలో నుంచే, "నీ ఒంట్లో ఉండేదే గిద్దెడు నెత్తురు. అదీ ఇచ్చొస్తావా?" అన్నాడు.

"నీది దోమలు తాగుతాండాయి కదా, నాది మనిషికన్నా పోనీ," అని చెప్పులేసుకున్నాను.

ఆరూ ఇరవైకి ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, మరవకండి. ఏడుంబావుకు జమ్మలమడుగులో దిగాను. దేవదానం అన్న నాకంటే ముందే వచ్చి గడియారం స్తంభం లాగా నిటారుగా నిలబడి ఉన్నాడు. అరవై ఆరేళ్ళు. తెల్ల చొక్కా, మడత చెడని ప్యాంటు, ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంటుంది. చేతిలో అరిటాకులో కట్టిన బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు.

"తిను చెల్లెమ్మా, బస్సుకింకా పది నిమిషాలుంది."

"బస్సులో తింటాలే అన్నా," అని పొట్లం సంచిలో వేసుకున్నాను. మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందని మాకొక పట్టింపు. అందుకే అబద్ధమాడాను.

ఏడున్నరకు పులివెందుల బస్సు కదిలింది. ఆయన టిక్కెట్టు ఆయన కొనుక్కున్నాడు. కండక్టరు ఆయన్ను చూడగానే చొక్కా గుండీ తీసి మెడలోని రేకు బిళ్ళ బయటికి లాగి, "బి పాజిటివ్, సార్! ఎప్పుడు పిలుస్తారు?" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరు మొలతాళ్ళు తడుముకున్నారు. ఒకామె తాళిబొట్టుతో పాటు కట్టుకున్న బిళ్ళ చూపించింది. ఒక్క మనిషి ఇన్ని మెడల్లో ఇన్ని బిళ్ళలు వేశాడా!

పెన్న వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పడి నీళ్ళు మెరుస్తున్నాయి. పైన నీళ్ళు వదిలినట్టున్నారు, ఇసుక కనబడకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకు పారుతోంది. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉంటే అడిగాను. "ఈ నెత్తురు పని నీకెట్లా పట్టుకుందన్నా?"

"మంచుకొండల మీద ఉన్నప్పుడు రాళ్ళు దొర్లి మా బండి లోయలో పడింది. భుజం చీలింది. డాక్టరు నా మెడలో బిళ్ళ చూసి, ఈ గ్రూపు యాడుందని అరిస్తే, సామాన్లు దించడానికొచ్చిన ఒక డ్రైవరు చేయి చాపినాడంట. నాకు తెలివొచ్చేసరికి ఆయన బండి తోలుకోని పోయినాడు. పేరు తెల్దు, ఊరు తెల్దు. ఎవురికని తిరిగిచ్చేది? అందుకే అందరికీ ఇస్తాండా."

"నువ్వు కూడా ఇచ్చినావా?"

"వయసు దాటేదాకా ఇచ్చినా. ఇప్పుడు తీసుకోరు. మనుషుల్ని తెచ్చియ్యడమే నా డ్యూటీ."

ఎనిమిదింబావుకు ముద్దనూరు. అక్కడ చీనీకాయల బుట్టతో ఒక పెద్దామె ఎక్కి మా పక్కన కూర్చుంది. సుబేదారును చూసి బుట్టలోంచి కాయ తీసి ఆయన చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. "ఈ మిలిటరీ మామ ఏం చేసినాడో తెల్సునా మే? మా ఊర్లో రెండు పార్టీలు. మా ఇంటాయనకూ అవతల పార్టీ పెద్దకూ పదేండ్లు మాటల్లేవు. ఆయప్ప ట్రాక్టరు కింద పడితే, ఈ మామ అర్ధగంటలో మా ఇంటికాడికొచ్చి 'లెయ్యి, నీ గ్రూపే' అన్యాడు. మా ఇంటాయన తిట్టుకుంటానే పోయి ఇచ్చొచ్చినాడు."

"ఇప్పుడు మాట్లాడుకుంటారా?"

"యాడ మాట్లాడేది! కాకపోతే తిట్టుకునేది మానేసినారు. 'నా నెత్తుర్ని నేనే యాల తిట్టుకోవాల' అంటాడు మావోడు."

బస్సంతా నవ్వింది. సుబేదారు మాత్రం కాయ ఒలవకుండా ఒళ్ళో పెట్టుకుని, "ఈ సీమలో నేల మీద పడిన నెత్తురు శానా చూసినామమ్మా. నేను అడిగేది ఒక్క బ్యాగెడే," అన్నాడు.

తొమ్మిదీ నలభైకి పులివెందులలో దిగాము. ఆటోలో ఆస్పత్రికి ఐదు నిమిషాలు. మెట్ల మీద ఆ పిల్ల అత్తగారు కూర్చుని ఉంది, నాగమ్మ అని. కొడుకు గనిలో పనిచేస్తాడట. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకుంది. తలుపు సందులోంచి కోడలిని చూశాను. తెల్లగా, సున్నం కొట్టిన గోడలాగా ఉంది. కడుపు మీద చేయి వేసుకుని కప్పు వైపు చూస్తోంది.

రక్తం తీసే గదిలో నర్సమ్మ బరువు చూసింది, బీపీ చూసింది. "బాగుండాది. పొద్దున ఏం తిన్యావు?"

మొక్కు బయటికి చెప్పకూడదనే పట్టింపు కూడా మరచి, నేను గొప్పగా చెప్పేశాను. "మెతుకు ముట్టలేదమ్మా. నీళ్ళు కూడా. ఆ బిడ్డ కోసం మొక్కుకోని వచ్చినా."

నర్సమ్మ చేతిలో పట్టీ కింద పెట్టేసింది. "ఏందక్కా ఇట్ల చేసినావు! ఖాళీ కడుపుతో తీస్తే కండ్లు తిరిగి నువ్వు పడతావు. తియ్యకూడదు. ముందు కడుపు నిండా తిని, నీళ్ళు తాగు. అర్ధగంటైనా కూర్చో. టెస్టులకే రెండు గంటలు కావాల. ఒంటిగంటకు రెడీ కావాలంటే ఇప్పుడే తినాల."

ఆ బిడ్డకు మేలు చేయాలని పెట్టుకున్న మొక్కే ఆ బిడ్డకు అడ్డం పడింది. తిందామంటే మొక్కు తప్పుతుంది, దేవుడికి మాటిచ్చి తప్పితే ఆ కీడు ఎవరికి తగులుతుంది? లోపల పడుకున్న ఆ పిల్లకే కదా! ఆ మాటే అన్నాను. నాగమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకూ అదే భయం. తినమని నోరు తెరిచి అడగలేకపోయింది.

సుబేదారు నన్ను తిట్టలేదు. మూఢనమ్మకమని అనలేదు. గోడ గడియారం చూశాడు. పదీ ఐదు.

"చెల్లెమ్మా, మిలిటరీలో రాత్రంతా ఒక్కడే కాపలా కాయడు. రెండు గంటలైతే ఇంకొకడొస్తాడు. ముందుండేవాడు తుపాకీ అప్పజెప్తాడు, చెప్పాల్సింది చెప్తాడు, పోతాడు. కాపలా ఆగదు, మనిషే మారతాడు. నీ మొక్కు నాకప్పజెప్పు. ఏమని మొక్కినావో జెప్పు."

"నువ్వు చర్చికి పోయేవాడివి కదన్నా?"

"మాలోనూ ఉపాసముంటారు, నేనూ ఈ బిడ్డ కోసమే ఉండా. రాత్రి నుంచి మెతుకూ నీళ్ళూ ముట్టలేదులే, లెక్క సరిపోతాది. జెప్పు."

చెప్పాను. ఆయన మడమలు దగ్గరికి చేర్చి, చేతులు తొడలకు ఆనించి, నిటారుగా నిలబడి నేనన్నది ఒక్క మాట తప్పకుండా తిరిగి పలికాడు. "తల్లీ బిడ్డా వేరుపడి, ఇద్దరూ క్షేమమనే మాట వినేదాకా మెతుకు ముట్టను, నీళ్ళు ముట్టను." తర్వాత, "తీసుకున్యా. నువ్వు పో," అన్నాడు.

నర్సమ్మ నవ్వలేదు. నాగమ్మ నా సంచిలోంచి పొట్లం తీసి, చల్లబడిన ఉగ్గాని ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది. ఏడుస్తూ తిన్నాను. చెంబెడు నీళ్ళు తాగాను. పదిన్నర దాటాక సూది గుచ్చారు. చీమ కుట్టినంతే. బ్యాగులోకి నా నెత్తురు దిగుతుంటే వింతగా చూశాను, మగ్గం మీది ఎర్ర పట్టు లాగా ఉంది.

ఒంటిగంటకు ఆ పిల్లను ఆపరేషను గదిలోకి తీసుకుపోయారు. ఒంటిగంటా నలభైకి పసిగొంతు ఏడ్పు వినిపించింది. నాగమ్మ ఎగిరి లేచింది. ఆడపిల్ల. మేమంతా దండాలు పెట్టుకున్నాము. నేను టీ తెచ్చి సుబేదారుకు ఇవ్వబోయాను.

"బిడ్డ క్షేమం. తల్లి సంగతి ఇంకా చెప్పలే. మొక్కులో ఇద్దరున్నారు," అని గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు.

తల్లికి నెత్తురు ఆగలేదు. నా బ్యాగు కూడా ఎక్కించారు. రెండయింది, మూడయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన పెదవులు ఎండి తెల్లబడ్డాయి. "కూర్చోన్నా" అంటే, "కూర్చుంటే నిద్రొస్తాది" అన్నాడు. నాగమ్మ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకోబోతే, తాకనీయకుండా రెండడుగులు వెనక్కు వేశాడు.

నాలుగూ పదికి డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్కు దించి, "నెత్తురు ఆగింది. ఇద్దరూ బాగున్నారు," అంది.

ఆయన ఆ మాట చెవిన పడ్డాక కూడా ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా మోకాళ్ళు వంచి నేల మీద కూర్చున్నాడు. నాగమ్మ కుండలో నీళ్ళు లోటాతో ముంచి ఆయన నోటికి అందించింది. రెండు చేతులూ నేలకు ఆనించి, పసిబిడ్డ లాగా తాగాడు. మూడు లోటాలు.

ఐదుంబావు బస్సుకు తిరుగు ప్రయాణం. ముద్దనూరులో ఇద్దరం తలా రెండు దోశలు తిన్నాం, కారం దట్టంగా పూసి కాల్చినవి. కిటికీ పక్కన కూర్చుని అడిగాను. "నా మొక్కు నీది కాదు గదా, అంత గట్టిగా ఎట్లా పట్టుకున్యావన్నా?"

"డ్యూటీ ఎవురిదని అడగరు చెల్లెమ్మా. ఎప్పటిదాకా అని అడుగుతారు," అన్నాడు. అని, నిటారుగా కూర్చునే నిద్రపోయాడు. జమ్మలమడుగు వచ్చేదాకా ఆ భుజం నా వైపు ఒరగలేదు.

నాకు చదువు మూడో తరగతే. దేశం ఎంత పెద్దదో, దాన్ని కాపలా కాయడమంటే ఏమిటో నాకు తెలిసేది కాదు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఆరు గంటలు నిలబడిన ఆ మనిషిని చూశాక, కొంచెం తెలిసింది.

ఇంతే తల్లీ కథ. విన్న మీ ఇంట్లో కాన్పులు సుఖంగా జరగాలి. మీ ఊయలలు ఊగుతుండాలి. మీ ఇంటి మనిషి బరువు మోయలేక నిలబడ్డనాడు, "నాకప్పజెప్పు" అనే మనిషి మీ గడపకు రావాలి. అలా ఇంకొకరి గడపకు పోయే మనిషి మీ ఇంట్లోనే పుట్టాలి. చల్లగా ఉండండి.