తేలు మంత్రం రానివాడు

నాకు బల్లిని చూసినా భయమే. ఈ సంగతి గల్ఫ్‌లో, ఘాలాలోని మా కూలీల రూమ్‌లో ఎవరికీ తెలియదు. మా తాతకు తేలు మంత్రం వచ్చేదని ఒకసారి గొప్పకు చెప్పాను. వారం తిరిగేసరికి అది నాకే వచ్చినట్టు ప్రచారమైంది. నేను కాదనలేదు. మంత్రగాడికి కింది మంచం, అందరికన్నా ముందు టీ దొరుకుతుంటే ఎవడు కాదంటాడు?

నిజ్వా దగ్గర రాతిగోడ పని పడ్డప్పుడు, జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన ఒకతన్ని నాకు జత చేశారు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. గ్లౌజుల్లో చేతులు ఉడుకుతున్నాయని తీసేసి, వట్టి చేతులతో రాళ్లెత్తుతున్నాడు. తొడుక్కోమంటే నవ్వాడు.

"నువ్వున్నవ్ గదనే, నాకేం భయం?"

పదకొండు గంటలప్పుడు కేక వేశాడు. రాయి కింద పచ్చటి తేలు. నేను అతని దగ్గరికి కాదు, వెనక్కి పరుగెత్తాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

తిరిగి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు. కుట్టిన చెయ్యి నా ముందు చాపాడు. "మంత్రమెయ్యే అన్నా." ఒళ్లంతా చెమట, పెదవి వణుకుతోంది. ఆసుపత్రికి పోదామంటే వినడు. వీడికేమైనా అయితే ఆ పాపం నాదే.

"నాకు మంత్రం రాదు తమ్మీ. ఒట్టు, అంత అబద్ధం."

"ఎర్కేనే. మంత్రం అచ్చెటోళ్లు అస్తదని చెప్పుకోరు. చెప్పుకుంటే పారదు."

నిజం చెప్పినా నమ్మడు. ఇక అబద్ధమే గతి. "ఇది కూసుంటే పారదు. నడిచే బండిల ఎయ్యాలె, లే" అన్నాను. లేచాడు.

ఫోర్‌మన్ పికప్ నడుపుతుంటే, ఆసుపత్రి దాకా అతని చెయ్యి పట్టుకుని పెదవులు కదుపుతూనే ఉన్నాను. నాకు నోటికి వచ్చింది పదమూడో ఎక్కం ఒక్కటే. అదీ ఏడు దగ్గర తప్పుతోంది. అతను వాంతి చేసుకున్నప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

సూదులు, సెలైన్‌లతో సాయంత్రమైంది. గండం గడిచిందని డాక్టర్ చెప్పాక బయటికొచ్చి ఏడ్చాను.

నాలుగో రోజు డ్యూటీకి వచ్చాడు. అందరి ముందు ఉన్నదంతా చెప్పేశాను. బతికించింది ఆసుపత్రి మందేనన్నాను, ఎక్కం కూడా అప్పజెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. అతనైతే గ్లౌజులు జేబులో కుక్కుకుని, దర్జాగా రాళ్ల గుట్ట వైపు నడిచాడు.

నేను అడ్డంపడి ముందు వెళ్లాను. ఆ గోడ పూర్తయ్యేదాకా ప్రతి రాయినీ అతనికన్నా ముందు నేనే తిప్పి చూశాను. భయానికి పెదవులు వణికేవి. మంత్రం చదువుతున్నాననుకుని, అయ్యేదాకా అతను పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.