గాలిగొట్టంలో గౌరమ్మ

మందమర్రి పెట్రోలు పంపు దగ్గర అంబదాస్ తాత ఉన్నంతకాలం ఎవరూ బీడీ వెలిగించలేదు. వెలిగించినా తాత నోటికి జడిసి బీడీయే ఆరిపోతుందని లారీవాళ్లు నవ్వుకునేవారు. పంపు చప్పుడు విని దాని కడుపులో ఏముందో చెప్తానని తాత గొప్పలు పోయేవాడు. అందులో సగం నిజం, మిగతా సగం మీసం.

అరవై మూడులో దసరా మరునాడు డ్రైవరు తోమాసు డ్రమ్ము తెచ్చాడు. మీటరు ముల్లు డ్రమ్ము నిండిందంటోంది. డ్రమ్ము మాత్రం జానెడు వెలితిగా ఉంది.

"కాకా, మా సేటు పుల్ల పెట్టి చూస్తడు. మొన్న వేరే పంపుల గింతే తక్కువైతే మా తోటి డ్రైవరు ముత్తయ్యను దొంగని పనిలకెళ్లి తీసేసిండు. ఇయ్యాల నా వంతు."

తాత మోటారు ఆపాడు. పంపు అద్దంలో బుడగలు మసలుతున్నాయి. పండుగకు ట్యాంకు అడుగంటి, ఆ ఉదయమే మళ్లీ నిండడంతో గొట్టాల్లో గాలి చేరింది. అది మీటరు దాకా రాకముందే పక్కనున్న గాలిగొట్టంలోంచి బయటికి పోవాలి. పోకపోతే మీటరు గాలిని కూడా పెట్రోలు లెక్కలోనే వేస్తుంది.

"గాలి పోతలేదు తమ్మీ," అంటూ తాత వెనక్కి వెళ్లాడు. గాలిగొట్టం మూతిలో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ బొట్టుతో సహా నిండుగా కూర్చుని ఉంది. పంపుకు దిష్టి తగలకుండా నిన్న పూజలో తాత భార్య బాలలక్ష్మి పెట్టింది. తాత దండం కూడా పెట్టాడు.

"గౌరమ్మ మీది, దొంగపేరు నాదా?" అన్నాడు తోమాసు.

కబురందుకున్న బాలలక్ష్మి కర్పూరం వెలిగించుకునే బయల్దేరింది. "అమ్మను ఉత్తగనే తీస్తవా? హారతియ్యాలె."

తాత ఎదురెళ్లి రోడ్డవతలే ఆపాడు. "గొట్టంలకెళ్లి పెట్రోలు ఆవిరొస్తది. అమ్మతోని పాటు మనల గూడ సాగనంపుతవు. ఈడ్నే ఆర్పు."

"నిన్న మొక్కినప్పుడు గీ తెలివి యాడికి పాయె?"

"నిన్న నిన్ను జూసుకుంట మొక్కిన."

ఆమె మూతి బిగించి నవ్వాపుకుంది. కర్పూరం ఆర్పి, గౌరమ్మను తమలపాకులోకి తీసుకుని రోడ్డు దాటింది. లోపల మిగిలిన పసుపును తాత ఇనుప చువ్వతో కాక వేపపుల్లతో గీకాడు. మోటారు వేయగానే గొట్టం బుసకొట్టింది. బుడగలు పోయేదాకా పెట్రోలును డబ్బాలో పట్టి ట్యాంకులోనే పోశాడు. అప్పుడు డ్రమ్ము వెలితి తీర్చాడు.

తోమాసు తనే పుల్ల ముంచి చూసుకున్నాడు. గీత దాకా తడిసింది.

"సేటు మల్ల అనుమానపడితే?"

"గీడికే తోల్కరా. గాలి ఎట్ల వోతదో నేనే చూపిస్త."

"గౌరమ్మ సంగతడిగితే?"

తాత మీసం సవరించుకున్నాడు. "అది మీ చిన్నమ్మను అడుగుమను."