హెడ్‌లైట్లు రుద్దిన రోజు

పోయిన చలికాలం సంగతి. బొగ్గు గనుల వాళ్ల సెంటినరీ కాలనీలో మా క్వార్టరు ముందు కూర్చుని, మసకబారిన మా పాత కారు హెడ్‌లైట్లను పెయింటర్లు తడిపి రుద్దే గరుకు వాటర్ పేపర్‌తో రుద్దుతున్నాను. ముందురోజు చీకటితోనే డ్యూటీకి పోతూ మావారు ఆ గుడ్డి వెలుతురులో బొగ్గు లారీని గుద్దబోయారు. అయినా "దుమ్మే, తుడిస్తే పోతది" అంటారు!

రుద్దేకొద్దీ లైట్లు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. పక్కింటి మల్లేశం గేటు మీద వాలి, "ఏంది వదినె, ఉన్నయి గూడ ఖరాబ్ చేస్తున్నవ్? గిది మొగోళ్ల పని. రేపు అన్న డ్యూటీకి ఎట్ల పోతడు?" అని క్వార్టర్ల లైనంతా వినేలా నవ్వాడు. మావారూ నవ్వారు. లైట్లు పాడుచేశానేమోనని నాకూ అనుమానం వచ్చింది. అయినా "నీ పని నువ్వు చూస్కో" అని, ఇంకా సన్న గరుకున్న పేపర్ అందుకున్నాను. చివరికి పాలిష్ పెట్టి తుడిస్తే లోపలి బల్బు తళతళా కనిపించింది.

మర్నాడు డ్యూటీ దిగొచ్చిన మావారు, "రోడ్డు మంచిగనే కనవడ్డది" అని గొణిగారు. గేటు దగ్గరే ఉండి అది విన్న మల్లేశం, "వదినె, మా కారుకు గూడ జర..." అంటూ వచ్చాడు.

అరిగిన పేపర్ అతని చేతిలో పెట్టాను. "మొగోళ్ల పని గద మల్లేశం, కానియ్యి."

అతని లైట్లు ఇప్పటికీ మసకే. ఇరుగుపొరుగుతో మంచిగా ఉండాలంటారు. ముందు వాళ్లను ఉండమనండి.